సూక్ష్మజీవశాస్త్ర డాక్టరేట్ పరిశోధన చెల్క నేలల్లో జరగాలి

వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్రంలో డాక్టరేట్ పట్టా కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథాలను గ్రంథాలయంలో వరుసగా తీసి చదివినవారికి వాటిలో ఒక పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ఏదో ఒక పంట వేరు పరిసరాల నుండి మట్టి నమూనాలు సేకరిస్తారు. వాటి నుండి యాభయ్యో వందో బాక్టీరియా ఐసోలేట్లను వేరుచేస్తారు. భాస్వరాన్ని కరిగిస్తున్నాయా, ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని తయారు చేస్తున్నాయా, తెగులు శిలీంధ్రాన్ని అడ్డుకుంటున్నాయా అని పళ్లేలలోనూ పరీక్షనాళికలలోనూ చూస్తారు. మిగిలిన రెండు మూడింటిని 16ఎస్ జన్యుక్రమంతో గుర్తించి, కుండీలలో మొక్కలకు పట్టించి, వేరు పొడవు, మొక్క బరువు కొలుస్తారు. చివరి పుటలో "ఈ స్ట్రెయిన్ రైతులకు జీవన ఎరువుగా ఉపయోగపడగలదు" అన్న వాక్యం వస్తుంది. ఆ 'గలదు' అన్న మాట 'పడుతోంది'గా మారిన సందర్భాలు ఎన్ని అని విస్తరణ శాస్త్రవేత్తలను అడిగితే వారు వేళ్ల మీద లెక్కపెట్టి ఆగిపోతారు.

ఇందులో విద్యార్థుల శ్రమను తక్కువ చేసే ఉద్దేశం లేదు. ఆ శ్రమ ఎంతటిదో ప్రయోగశాలలో రాత్రివేళ ఇంక్యుబేటరు దగ్గర కాపు కాసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రశ్న శిక్షణ క్రమాన్ని గురించినది. మూడు నుండి ఐదేళ్ల కాలంలో మనం ఒక యువ శాస్త్రవేత్తకు ఏమి నేర్పుతున్నాం, ఏ పరీక్షకు నిలబడే జ్ఞానాన్ని అతని చేత సాధింపజేస్తున్నాం అన్నది ఇక్కడి విచారణ. నా అభిప్రాయంలో ఆ పరీక్షాస్థలం వర్షాధార చెల్క నేల. అది మన ప్రయోగశాలలకు దూరంగా కూడా లేదు.

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ రహదారిపై వెళ్తే ఇబ్రహీంపట్నం వస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు కింద కొంత వరి ఉన్నా, మండలంలోనూ, పక్కనున్న యాచారం, మంచాల మండలాలలోనూ అధిక విస్తీర్ణం వానను నమ్ముకున్న ఎర్ర చెల్క నేలలే. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి మరీ తక్కువ. వాన వెలిసిన కొద్ది రోజులకే పై పొర గట్టిపడి మొలకను బయటకు రానివ్వదు. కంది, ఆముదం, జొన్న, పత్తి ఈ నేలల్లో జూన్, జూలై తొలకరి మీద ఆధారపడి మొలకెత్తుతాయి. పదిహేను రోజులు బెట్ట వస్తే తలలు వాలుస్తాయి. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అనగా మనం క్రిడా అని పిలిచే సంస్థ, తన పరిశోధన క్షేత్రాలలో ఒకదానిని ఇబ్రహీంపట్నం దాటాక గున్‌గల్‌లోనూ, మరొకదానిని అదే జిల్లాలోని హయత్‌నగర్‌లోనూ నిర్వహిస్తున్నది. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుండి గానీ, ఉస్మానియా నుండి గానీ ఉదయం బయలుదేరిన విద్యార్థి మట్టి తవ్వుకుని మధ్యాహ్నానికి ప్రయోగశాలకు తిరిగి రావచ్చు. ఇంత దగ్గరలో ఇంత కఠినమైన నేల ఉండటం సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థికి దొరికిన అదృష్టమనే చెప్పాలి.

ఈ నేలలను ఆధారం చేసుకుంటే ఎటువంటి పరిశోధన సాధ్యమో చూపే ఉదాహరణ మన నగరంలోనే ఉంది. 2009లో 'బయాలజీ అండ్ ఫెర్టిలిటీ ఆఫ్ సాయిల్స్' పత్రికలో క్రిడా నుండి రెండు వ్యాసాలు వెలువడ్డాయి. మొదటి దానిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ సూక్ష్మజీవశాస్త్ర విభాగం కూడా పాలుపంచుకున్నది. దేశంలో చిరుధాన్యాలు పండే పాక్షిక శుష్క ప్రాంతాలలోని ఐదు తరగతుల నేలల నుండి, కణం వెలుపల జిగురు వంటి బహుశర్కరను తయారుచేసే సూడోమోనాస్ జాతులను వేరుచేశారు. మొత్తం 81 ఐసోలేట్లు. వాటిని పాలిఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవ మాధ్యమంలో పెంచి, నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుతూ పోగా, గరిష్ఠ స్థాయి అయిన మైనస్ 0.73 మెగాపాస్కల్ వద్ద 26 మాత్రమే తట్టుకున్నాయి. ఆ ఇరవై ఆరింటిలో అత్యధికంగా జిగురు తయారుచేసినది ఎర్ర నేలలో పెరిగిన పొద్దుతిరుగుడు వేరు పరిసరాల నుండి వచ్చిన జి.ఎ.పి.-పి45 అనే స్ట్రెయిన్. దానిని సూడోమోనాస్ పుటిడాగా గుర్తించి విత్తనానికి పట్టించినప్పుడు, బెట్టకు గురైన పొద్దుతిరుగుడు మొలకలు ఎక్కువ సంఖ్యలో బతికాయి, బరువు పెరిగాయి, వేరును అంటిపెట్టుకుని ఉండే మట్టి కూడా పెరిగింది.

ఈ చివరి కొలత మీద విద్యార్థులు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలని కోరుతున్నాను. మొక్కను పెరికినప్పుడు వేరుకు ఎంత మట్టి అంటుకుని వచ్చిందన్నది చూడటానికి ఏ ఖరీదైన యంత్రమూ అవసరం లేదు. కాని చెల్క నేలలో అదే కీలకం. బాక్టీరియా జిగురు మట్టి రేణువులను పేర్చి వేరు చుట్టూ ఒక తొడుగులా నిలుపుతుంది. ఆ తొడుగులో తేమ మరి కొంత కాలం నిలుస్తుంది. అంటే ఇక్కడ పరిశోధన ప్రశ్న నేల బలహీనత నుండి పుట్టింది. ఫలానా హార్మోను తయారు చేస్తుందా అన్న పట్టికలోని గడి నింపడానికి పుట్టలేదు. ఎంపిక క్రమం కూడా అదే తర్కాన్ని అనుసరించింది: మొదట కష్టాన్ని పెట్టి, ఆ కష్టానికి నిలిచినవాటినే తరువాతి గుణాల కోసం పరీక్షించారు. మన ప్రయోగశాలలలో సాధారణంగా ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. సుఖమైన మాధ్యమంలో బాగా పెరిగినదానిని ఎన్నుకుని, చివరన ఒక కుండీకి నీళ్లు ఆపి చూస్తాం.

రెండవ వ్యాసం వేడిని గురించినది. పాక్షిక శుష్క ప్రాంతపు కంది వేరు పరిసరాల నుండి వేరుచేసిన ఎ.కె.ఎం.-పి6 అనే సూడోమోనాస్ స్ట్రెయిన్‌ను జొన్న మొలకలకు పట్టించి, పగలు 47 నుండి 50 డిగ్రీల, రాత్రి 30 నుండి 33 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచారు. బాక్టీరియా లేని మొలకలు ఐదవ రోజుకు చనిపోగా, పట్టించినవి పదిహేను రోజుల వరకు నిలిచాయి. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో జూన్ నెలలో తొలి వాన పడి, విత్తనం వేసి, మళ్లీ మబ్బు మొహం చూపని వారాలను ఎరిగిన రైతుకు ఈ పది రోజుల తేడా అర్థం ఏమిటో వివరించనవసరం లేదు.

అయితే ఈ రెండు పరిశోధనలూ మొలక దశకు సంబంధించినవని మరువరాదు. మొలక నుండి గింజ దాకా, కుండీ నుండి ఎకరం దాకా ఉన్న దూరమే మన డాక్టరేట్ శిక్షణలో ఖాళీగా మిగులుతున్నది. ఒక విద్యార్థి అక్కడి దాకా తెచ్చినదానిని మరొక విద్యార్థి అక్కడి నుండి ముందుకు తీసుకుపోవడం లేదు. తరువాత చేరినవారు మళ్లీ కొత్త మట్టి, కొత్త ఐసోలేట్లు, కొత్త సంకేత సంఖ్యలతో మొదటి మెట్టు దగ్గరే మొదలుపెడుతున్నారు. నవ్యత అనే మాటను కొత్త పేరుతో కొత్త బాక్టీరియా అని అర్థం చేసుకున్నంత కాలం ఇది ఇలాగే సాగుతుంది. పాత స్ట్రెయిన్ మీద కొత్త ప్రశ్న వేయడం కూడా నవ్యతే అని పరీక్షకులు అంగీకరించాలి.

పరీక్షా పద్ధతుల గురించి కూడా కొంత నిష్కర్షగా మాట్లాడుకోవలసి ఉన్నది. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను ఎన్నుకునేందుకు 1948 నాటి పికోవ్‌స్కయా మాధ్యమాన్ని నేటికీ వాడుతున్నాం. అందులోని ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ను బాక్టీరియా ఆమ్లం కరిగించినప్పుడు కాలనీ చుట్టూ తెల్లని తెర తొలగి స్వచ్ఛమైన వలయం కనిపిస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఛాయాచిత్రానికి బాగుంటుంది. కాని ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కొద్దిపాటి ఆమ్లానికే లొంగే పదార్థం. ఎర్ర నేలల్లో భాస్వరం ఎక్కువగా ఇనుము, అల్యూమినియం సమ్మేళనాలలో బిగిసి ఉంటుంది. వాటిని విడదీయడం ఎంతో కష్టం. వలయం ఏర్పరచిన ఐసోలేట్లలో చాలావాటికి ఆ శక్తి ఉండదని అంతర్జాతీయంగా విమర్శ వచ్చి పదేళ్లు దాటింది. అయినా మన సిద్ధాంత గ్రంథాలలో వలయాల పట్టిక తప్పనిసరి అధ్యాయంగానే ఉన్నది. ఇందుకు కేవలం విద్యార్థిని తప్పుపట్టలేం. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సైతం భాస్వరం కరిగించే జీవన ఎరువుకు 3 మిల్లీమీటర్ల మందం గల మాధ్యమంలో కనీసం 5 మిల్లీమీటర్ల వలయాన్ని అర్హతగా చెప్పింది. చట్టం అడిగినదానిని ఉత్పత్తిదారు చూపాలి, సరే. పరిశోధక విద్యార్థి మాత్రం చట్టం అడగనిదానిని కూడా అడగాలి. ఇనుప ఫాస్ఫేటుతో పరీక్షించాడా, గున్‌గల్ మట్టినే శుద్ధిచేసి అందులో పరీక్షించాడా, మొక్క లోపలికి భాస్వరం చేరిందా అన్న ప్రశ్నలు సంశ్లేషణ సభలోనే ఎదురుకావాలి. వాటిని మౌఖిక పరీక్ష దాకా వాయిదా వేస్తే సమాధానం చెప్పడానికి కాలం మిగలదు.

వేడి విషయం మరొకటి. ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ 'పదార్థాలు, పద్ధతులు' అధ్యాయంలో 28 డిగ్రీలకు రెండు డిగ్రీలు అటూ ఇటూ అన్న అంకె ఉంటుంది. అది బాక్టీరియాకు హితవైన వేడిమి. అదే బాక్టీరియా లిగ్నైటు పొడిలో కలిసి ప్యాకెట్టులో చేరి, లారీ ఎక్కి, రేకుల కప్పు ఉన్న గోదాములో మే నెలంతా గడిపి, జూన్‌లో రైతు చేతికి వస్తుంది. 2006లో జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. దాని ప్రకారం రైజోబియం, అజోస్పిరిల్లం వంటివి పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు సజీవ కణాలు కలిగి ఉండాలి. ఈ లెక్క తయారీ కేంద్రం దగ్గర సరిపోవచ్చు. ఎండాకాలం గడిచిన తరువాత దుకాణంలో ఎంత మిగిలిందన్నదే రైతుకు కావలసిన లెక్క. మృతకణాల పొడిని విత్తనానికి పట్టించి ఫలితం చూడని రైతు మరుసటి ఏడాది జీవన ఎరువు పేరు ఎత్తనివ్వడు. నిజంగా మంచి స్ట్రెయిన్ వచ్చినా ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఈ నష్టం ఏ పట్టికలోనూ నమోదు కాదు గాని, గ్రామాలలో తిరిగే విస్తరణ సిబ్బంది దానిని ప్రతి వానాకాలం మోస్తున్నారు.

అందుచేత ఒక ఐసోలేట్ 'ఉత్తమమైనది' అని రాసే ముందు అది వాహక పదార్థంలో, 40 డిగ్రీలు దాటిన వేడిలో, మూడు నాలుగు నెలలు ఎలా నిలిచిందో నెలనెలా లెక్కించి చూపడం డాక్టరేట్ పనిలో భాగం కావాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. పళ్లేలు, ఓపిక చాలు. ఇలాగే మరో చిన్న ప్రశ్న ఉంది. విత్తనానికి ముందు శిలీంధ్రనాశిని, తరువాత కీటకనాశిని, చివరన రైజోబియం పట్టించమని మనం సిఫారసు చేస్తాం. కాని నేడు రైతు కొనే విత్తనంలో చాలా భాగం ముందే మందు పూసి రంగు వేసి వస్తున్నది. ఆ మందు పొర మీద మన స్ట్రెయిన్ ఎన్ని గంటలు బతుకుతుంది? విత్తి వాన కోసం ఎదురుచూసే వారం రోజుల్లో ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్నను రైతులు సమావేశాలలో మళ్లీ మళ్లీ వేస్తారు. ఒక పూర్తి అధ్యాయానికి సరిపడే పరిశోధన ఇందులో ఉంది.

ఇక కాలం సంగతి. భారత వ్యవసాయ పరిశోధన మండలి సవరించిన పాఠ్యప్రణాళికలో డాక్టరేట్‌కు నిర్ణయించిన 100 క్రెడిట్లలో 75 పరిశోధనకే కేటాయించారు. కాగితం మీద ఇది సంతోషకరమే. ఆచరణలో ప్రవేశాలు వానాకాలం పంట విత్తిన తరువాత గాని ముగియవు. తరువాతి ఏడాది తరగతులు, సంశ్లేషణ సమర్పణ, సలహా సంఘం ఆమోదం. ఆ వానాకాలం ఐసోలేట్లు సేకరించడంతోనే సరిపోతుంది. మూడో వానాకాలం నాటికి కుండీలు. శిష్యవేతనం గడువు దగ్గరపడుతుంది, ఉద్యోగ ప్రకటనలు వస్తాయి, విద్యార్థి రాయడానికి కూర్చుంటాడు. పొలంలో ఒక్క పంటకాలమైనా చూడకుండానే సిద్ధాంత గ్రంథం పూర్తవుతుంది. వర్షాధార నేలలో ఒక్క సంవత్సరం ఫలితం ఫలితమే కాదని వ్యవసాయశాస్త్రంలో మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. మంచి వాన పడిన ఏడాది ఏ స్ట్రెయిన్ వేసినా వేయకపోయినా పంట బాగుంటుంది, బెట్ట ఏడాదిలోనే తేడా తెలుస్తుంది. కనుక ప్రవేశం పొందిన మొదటి యాసంగిలోనే పాత సేకరణల నుండి పరీక్షకు నిలిచిన స్ట్రెయిన్లను విద్యార్థికి అప్పగించి, రెండవ వానాకాలం నుండి క్షేత్ర ప్రయోగం మొదలుపెట్టించడం మేలు. తరగతులతో పాటే పొలం నడవాలి. గున్‌గల్ వంటి క్షేత్రంలో వరుసగా రెండు వానాకాలాలు, వీలైతే మూడు, ప్రతి విద్యార్థికి నాలుగు గుంటల స్థలం. ఇది అసాధ్యమైన కోరిక కాదు.

ప్రచురణల ఒత్తిడి దీనికి అడ్డు అన్న వాదన ఇదివరకు బలంగా ఉండేది. 2022 నవంబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం జారీ చేసిన నిబంధనలలో సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు పత్రికలో వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతు తొలగింది. గరిష్ఠ కాలాన్ని ఆరేళ్లుగా పెట్టారు. 2023 జనవరి నుండి కనిష్ఠ పరిశోధన శిష్యవేతనం నెలకు 31 వేల నుండి 37 వేల రూపాయలకు పెరిగింది. శిష్యవేతనం లేక సొంత ఖర్చుతో చదివేవారి ఇబ్బంది వేరు, అది ఇంకా పరిష్కారం కాలేదు. ఐనా, పొలంలో ఓపిక పట్టేందుకు గతంలో కంటే నేడు కొంత వెసులుబాటు ఉన్నదన్నది వాస్తవం.

విద్యార్థులు రెండు దారుల నుండి వస్తారు. సాధారణ విజ్ఞానశాస్త్ర కళాశాలలలో సూక్ష్మజీవశాస్త్రం చదివి వచ్చినవారికి ప్రయోగశాల చేతివాటం ఉంటుంది. జన్యుక్రమ విశ్లేషణ అంటే భయం ఉండదు. కాని యూరియా ఎప్పుడు వేస్తారో, దంతెకు గుంటకకు తేడా ఏమిటో తెలియదు. వ్యవసాయ పట్టభద్రులకు పంట తెలుసు. అజోటోబాక్టర్‌ను శుద్ధ కల్చరుగా నిలిపేందుకు మాత్రం ఆరు నెలలు పడుతుంది. ఒకరి లోపం మరొకరి బలం. ఇద్దరినీ వేర్వేరు ప్రాంగణాలలో, వేర్వేరు ప్రవేశ పరీక్షలలో, వేర్వేరు అర్హతల గోడల వెనుక ఉంచడం వల్ల ఇద్దరూ నష్టపోతున్నారు. 2009 నాటి పొద్దుతిరుగుడు వ్యాసంలో ఒక మెట్ట వ్యవసాయ సంస్థ, ఒక విశ్వవిద్యాలయ విజ్ఞాన విభాగం కలిసి పనిచేసిన తీరు ఈ గోడకు ఒక కిటికీ వంటిది. తలుపుగా మార్చవలసిన బాధ్యత మనది.

పొలం చరిత్ర తెలిసిన మట్టి ఎంత విలువైనదో చెప్పేందుకు ఒక పాత సంగతి గుర్తుచేయాలి. భీమవరంలో జన్మించి, 1930లో హార్వర్డులో డాక్టరేట్ పొందిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన కాలంలో అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, వేల సంఖ్యలో మట్టి నమూనాలను పరీక్షించాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం ఆ వెతుకులాటలో దొరికిందే. దానినిచ్చిన స్ట్రెప్టోమైసిస్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రం మట్టి నుండి వచ్చింది. 1888 నుండి దీర్ఘకాలిక వ్యవసాయ ప్రయోగాలు నడుస్తున్న క్షేత్రమది. సుబ్బారావు పేరును మన పాఠ్యపుస్తకాలలో వైద్యానికి చెందినదిగానే చదువుతాం. ఆ మందు పుట్టుక ఒక వ్యవసాయ కళాశాల మడిలో ఉన్నదని మన విద్యార్థులకు చెప్పేవారు తక్కువ.

మనకూ అటువంటి మడులున్నాయి. హయత్‌నగర్ క్షేత్రంలో 1995లో జొన్న, ఆముదం పంటల మార్పిడితో మొదలైన ప్రయోగంలో సాధారణ దుక్కి, తక్కువ దుక్కి, జొన్న చొప్ప, గిరిపుష్పం ఆకు, వివిధ మోతాదుల నత్రజని వేసిన మడులను ఏళ్ల తరబడి పక్కపక్కన ఉంచి కొలిచారు. ఏటా హెక్టారుకు రెండు టన్నుల గిరిపుష్పం ఆకు తిన్న మట్టికీ, ఏమీ తినని మట్టికీ మధ్య సూక్ష్మజీవుల లోకంలో ఎంత తేడా ఉంటుందో ఊహించండి. ఏదో దారి పక్క పొలం నుండి ఒక పాలిథిన్ సంచిలో తెచ్చిన మట్టికి చరిత్ర ఉండదు. దాని నుండి వచ్చిన ఐసోలేట్ ఎందుకు అలా ప్రవర్తించిందో చెప్పే ఆధారమూ ఉండదు. నమూనా ఎక్కడ తీయాలన్నది విద్యార్థి ఇష్టానికో బస్సు సౌకర్యానికో వదిలివేయరాదు.

ఈ విషయంలో మరొక ఆతురత కూడా ఉంది. ఇబ్రహీంపట్నం చుట్టూ చెల్కలు ఏటేటా వెంచర్లుగా మారుతున్నాయి. నిన్న కంది వేసిన చోట నేడు తెల్ల రాళ్లు పాతి ఉన్నాయి. ఎన్నో తరాలు మెట్ట పంటలు మాత్రమే ఎరిగిన మట్టిలోని జీవజాలం ఆ రాళ్ల మధ్య ఎంతకాలం యథాతథంగా ఉంటుంది? వాటిని వేరుచేసి భద్రపరచే పని ఇప్పుడు కాకుంటే తరువాత లేదు. భద్రపరచడమంటే విద్యార్థి పేరు రాసిన డబ్బాలో, విభాగపు డీప్ ఫ్రీజరులో పెట్టడం కాదు. ఆ విద్యార్థి ఉద్యోగం దొరికి వెళ్లిపోతాడు, వేసవిలో కరెంటు పోతుంది, రెండేళ్ల తరువాత కొత్తవారు ఆ డబ్బా తీసి పారేస్తారు. అయిదేళ్ల ప్రజాధనం, ఒక యువకుడి యౌవనం ఆ డబ్బాలో ఉన్నదని ఎవరికీ గుర్తుండదు. ఉత్తరప్రదేశ్‌లోని మవూలో ఉన్న జాతీయ వ్యవసాయ సూక్ష్మజీవుల బ్యూరోలో ఇటువంటి స్ట్రెయిన్లను నిలవచేసే జాతీయ సేకరణ కేంద్రం ఉంది. సిద్ధాంత గ్రంథంలో ప్రధానంగా పేర్కొన్న ప్రతి స్ట్రెయిన్‌కు అక్కడి ప్రవేశ సంఖ్య లేనిదే గ్రంథాన్ని స్వీకరించరాదన్న నియమం పెట్టవచ్చు. గ్రంథాలయానికి ప్రతి ఇచ్చినట్టే ఇదీను.

ప్రతికూల ఫలితాల పట్ల మన భయం కూడా తగ్గాలి. వేరుశనగలో రైజోబియం పట్టించడంపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన ఇందుకు మంచి పాఠం. మన నేలల్లో వేరుశనగకు బుడిపెలు కట్టే స్థానిక రైజోబియం విస్తారంగా ఉంటుంది. బయటి నుండి తెచ్చిన స్ట్రెయిన్ వాటితో పోటీపడి బుడిపెలో చోటు సంపాదించాలి. ఎన్.సి. 92 అనే స్ట్రెయిన్, రాబట్ 33-1 రకంలో, అంటే మన రైతులు కదిరి 3గా ఎరిగిన వేరుశనగలో, దిగుబడిని పెంచగలిగింది. అలాగని అన్ని చోట్లా, అన్ని రకాలలో అదే స్పందన రాలేదు. ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు, బుడిపెలలో ఎంత శాతం దాని వాటా అన్న వివరాలు బయటపెట్టినందువల్లనే ఆ పరిశోధనకు నేటికీ విలువ ఉంది. గున్‌గల్ పొలంలో రెండేళ్లు వేసి చూడగా దిగుబడిలో తేడా రాలేదని ఒక విద్యార్థి రాస్తే, ఎందుకు రాలేదో కణాల సంఖ్యతో సహా చూపిస్తే, దానికి పట్టా ఇవ్వడానికి పరీక్షకుడు సంకోచించకూడదు. గణాంక పట్టికలో నక్షత్రం గుర్తు లేకుంటే పరిశోధన లేదన్న భావన విద్యార్థుల్ని కుండీల దగ్గరే ఆపివేస్తున్నది.

డాక్టరేట్ పరిశోధన లక్ష్యం జ్ఞానమేగాని ఎరువు ప్యాకెట్టు కాదని కొందరు ఆచార్యులు అభ్యంతరం చెబుతారు. అందులో న్యాయం ఉంది. నత్రజని స్థిరీకరణ జన్యువుల నియంత్రణ మీద మౌలిక పరిశోధన చేసే విద్యార్థిని పొలానికి తరమనవసరం లేదు. అటువంటి పని మనకు ఇంకా ఎక్కువ కావాలి. నా అభ్యంతరం ఒక్కటే: అటువంటి గ్రంథం చివర 'రైతులకు' అన్న మాట రాయకూడదు. రాసినవారు మాత్రం రైతు పొలం దాకా నడవాలి.

ఆ నడకలో తోడుగా సలహా సంఘంలో ఒక విస్తరణ శాస్త్రవేత్త ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. ఏరువాక కేంద్రం నుండి గానీ, హయత్‌నగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రం నుండి గానీ ఒకరు. వారి సంతకం కేవలం మర్యాద కోసం కాక, సంశ్లేషణ దశలో ప్రశ్న ఎంపికపై వారి మాటకు బరువుండాలి. ఈ ఏడాది యాచారంలో కందికి ఎండు తెగులు ఎక్కడ ఎక్కువగా వచ్చిందో, ఏ దుకాణంలో జీవన ఎరువు ఏ స్థితిలో ఉందో, ఏ రైతు నాలుగు గుంటలు ప్రయోగానికి ఇవ్వగలడో వారికి తెలుసు. విస్తరణవారికీ ఇందులో లాభం ఉంది: మూడేళ్ల తరువాత వచ్చే సిఫారసులో తమ ప్రశ్న ఉంటుంది.

ఆచరణలో పెట్టాలంటే కొన్ని చిన్న ఏర్పాట్లు కూడా అవసరం, ఇవి చిన్నవి కనుకనే వాయిదా పడుతుంటాయి. సూక్ష్మజీవశాస్త్రంలో చేరేవారిలో యువతుల సంఖ్య అధికమని మన తరగతి గదులే చెబుతున్నాయి. తెల్లవారుజామున వేరు నమూనా తీయవలసిన రోజున, బస్సు దిగి పొలం దాకా ఒంటరిగా నడవమనడం శిక్షణ కాదు. వారంలో రెండు రోజులు రాజేంద్రనగర్ నుండి ఇబ్రహీంపట్నం మీదుగా క్షేత్రానికి ఒక వాహనం, నమూనాలకు మంచు పెట్టె, క్షేత్రంలో మరుగుదొడ్డి, నీడ, చేతులు కడుక్కునే నీళ్లు, సూక్ష్మదర్శినిని ఉంచే ఒక చిన్న గది. క్షేత్రంలోనే తొలి పలుచన చేసి పళ్లేలలో పోయగలిగితే, మధ్యాహ్నం ఎండలో మూడు గంటల ప్రయాణంలో సగం కణాలు చచ్చిన మట్టిని లెక్కించే దుస్థితి తప్పుతుంది. దీనికయ్యే వ్యయం, ఒక విభాగం కొనుగోలు చేసి ఏడాదికి పదిసార్లు కూడా వాడని ఒక యంత్రం ధరలో ఏపాటి? వచ్చే విద్యా సంవత్సరపు ప్రవేశాలు ముగిసే నాటికి యాసంగి ప్రారంభమై ఉంటుంది. కొత్త విద్యార్థులకు మొదటి నెలలోనే స్ట్రెయిన్లు అప్పగించి, ఆ తరువాతి తొలకరికి గున్‌గల్‌లో మడులు గీయించాలంటే, క్షేత్రంలో స్థలం కోసం విభాగాధిపతులు ఉత్తరాలు రాయవలసిన సమయం ఇదే.